అరుగు మీది చదువూ, చెట్టు కింది చదువూ

"వాడికి ఓనమాలు కూడా రావు" అంటూ మనం ఎవర్నయినా ఇట్టే తీసిపారేస్తూంటాం. ఓనమాలంటే అ ఆ ఇ ఈలే అనుకుంటాం కానీ, అసలు సంగతి అది కాదు. "ఓం నమః శివాయ సిద్ధం నమః" అని మొదటిరోజున అయ్యవారు పిల్లాడి చేత పలికించేవారు. ఆ నాలుగు మాటలే పిల్లల నోళ్ళల్లో నలిగి నలిగి ఓనమాలయ్యాయి. నేల మీద ఇసక పోసి, అందులో అక్షరం గీసి, పిల్లాడి వేలు పట్టుకుని దిద్దిస్తే గుంట ఓనమాలు. పలకా లేదు, బలపమూ లేదు. ఖర్చు దమ్మిడీ లేదు. తప్పు రాస్తే అరచేత్తో చదును చేసేస్తే సరి.

ఆ బడి ఎక్కడనుకున్నారు? ఎవరింటిదో వీధి అరుగు. మూడువైపులా గాలీ, ఎదురుగా వీధీ. ఎడ్లబండి పోతూంటే కళ్ళన్నీ అటే. గంగిరెద్దువాడొస్తే ఇక ఆ పూట ఎక్కాలు ఆంజనేయస్వామికే ఎరుక. "పిల్లల్ని నాలుగు గోడల మధ్య బంధించకండి, ఆరుబయట చదువు చెప్పండి" అని ఈ కాలపు విద్యావేత్తలు కొత్తగా కనిపెట్టినట్టు చెబుతూంటే నాకు ఈ అరుగే గుర్తుకొస్తుంది. బడికి గోడలు వచ్చింది నిన్నగాక మొన్న. అంతకుముందు వందల ఏళ్ళు మన పిల్లలు గాలిలోనే చదువుకున్నారు. అయితే అది అంత చల్లని నీడా అంటే, ఆ మాట మాత్రం నిదానంగా చూడాల్సిందే.

ముందు ఇసక కథ చెబుతాను. 1789లో మద్రాసు ఎగ్మూరులో సిపాయిల అనాథ పిల్లల కోసం ఒక శరణాలయం పెట్టారు. పిల్లల తండ్రులు తెల్లవాళ్ళు, తల్లులు చాలామంది ఈ దేశపువాళ్ళు. దానికి అధికారి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరీ. ఆయన ఒకరోజు పొద్దున గుర్రమెక్కి షికారు పోతూ ఒక వీధిబడి ముందు ఆగాడు. పిల్లలు నేలమీద కూచుని వేళ్ళతో ఇసకలో రాస్తున్నారు. దొరవారికి తళుక్కుమంది. కాయితం లేదు, సిరా లేదు, ఈకకలం లేదు, అయినా రాత వస్తోంది! వెంటనే శరణాలయానికి పోయి అలాగే నేర్పండి అని ఉపాధ్యాయులకి చెప్పాడు. వాళ్ళు ముఖం చిట్లించారు. నేటివు పిల్లలు మట్టిలో చేసేది మేం చెయ్యటమేమిటని కాబోలు. బెల్ దొర కూడా పట్టుదల మనిషే. జాన్ ఫ్రిస్కెన్ అని ఎనిమిదేళ్ళ కుర్రాణ్ణి పిలిచి, "నువ్వు నేర్పరా" అన్నాడు. ఆ కుర్రాడు నేర్పేశాడు!

అలా పెద్ద పిల్లలు చిన్నపిల్లలకి చెప్పే పద్ధతికి 'మద్రాసు పద్ధతి' అని పేరొచ్చింది. నిజానికి అదీ మన వీధిబళ్ళలో ఉన్నదే. బెల్ 1796లో ఇంగ్లండు వెళ్ళిపోయి, మరుసటి ఏడు ఒక చిన్న పుస్తకం అచ్చేయించాడు. తరవాత ఆ దేశంలో వేలకొద్దీ బళ్ళు ఈ దారి పట్టాయి. సెంట్ ఆండ్రూస్ ఊళ్ళో ఆయన డబ్బుతో కట్టిన బడికి ఈ రోజుకీ 'మద్రాస్ కాలేజీ' అనే పేరు. 1832లో పోయినప్పుడు ఆయన్ని వెస్ట్‌మినిస్టర్ ఆబేలో పూడ్చారు, రాజుల సరసన. ఆ వీధిబడి అయ్యవారి పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టుకోలేదు.

ఇందులో ఒక చిత్రముంది. ఇంగ్లండులో ఇసకని చెక్క తొట్లలో పోశారు. తొట్లని బల్లల మీద పెట్టారు. బల్లల్ని పెద్ద హాలులో వేశారు. హాలులో వందలమంది పిల్లల్ని వరసగా నిలబెట్టారు. ఇసక వెళ్ళింది గానీ, గాలీ వెలుగూ వెంట వెళ్ళలేదు.

ఇక మన అరుగుల సంగతి. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లా జిల్లాకీ ఎన్ని బళ్ళున్నాయో లెక్క పంపమని కలెక్టర్లకి తాఖీదు రాశాడు. మర్నాటి ఏడు బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన జవాబు చాలా ముచ్చటైనది. ఈ క్యాంప్‌బెల్ అంతకుముందే, 1816లో, తెలుగు వ్యాకరణం రాసిన మనిషి. అంచేత ఏదో పైపైన చూసి గీకి పారెయ్యలేదు. జిల్లాలో జనం 9,27,857. బళ్ళు 533. చదివే పిల్లలు 6,641. అంటే వెయ్యిమందికి ఏడుగురు. తెలుగు బళ్ళు 226, కన్నడం బళ్ళు 235, ఇంగ్లీషు చెప్పేది ఒకే ఒక్కటి.

పొద్దున్నే ఆరు గంటలకి బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా, అంటే మెచ్చుకోలూ లేదు, చీవాట్లూ లేవు. మూడోవాడికి మెత్తగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అయిదోవాడికి మూడు. ఆఖరివాడి గతి మీరే లెక్కకట్టుకోండి, కూడికలు బాగా వస్తాయి. బద్ధకిస్తే చేతులు రెండూ కట్టి పైకప్పుకి వేలాడదీయటం. మనవాళ్ళు కోదండం అనే శిక్ష అదే. లేకపోతే కూచుని లేవటం, గుంజీళ్ళన్నమాట. ఇదంతా ఆరుబయటే సుమా! బయట కూచోబెట్టినంత మాత్రాన చదువు సుకుమారమైపోదని ఈ కాగితం చదివాక నాకు గట్టిగా అనిపించింది.

పోనీ, ఆరుబయట కూచున్నందుకు చెట్టూ చేమా ఏమయినా తెలిసేవా? ఇసకలో అక్షరాలయ్యాక తాటాకూ ఘంటమూ, లేకపోతే కాగితమూ రెల్లుకలమూ. బొగ్గూ గంజీ పట్టించిన బట్ట పలకలు. ఎక్కాలు. పద్యాలు. పై చదువుకి పోయేవాడికి అమరం. అమరకోశంలో రెండో కాండంలో వనౌషధి వర్గమని ఒకటుంది. అందులో చెట్ల పేర్లూ తీగెల పేర్లూ మందుమొక్కల పేర్లూ కుప్పలు తెప్పలు. మద్దికి అన్ని పేర్లు, మారేడుకి ఇన్ని పేర్లు అని గడగడా అప్పచెప్పటమే చదువు. ఆ మద్దిచెట్టు ఊరి చెరువుగట్టునే ఉంటుంది. దాని కిందికి పిల్లల్ని తీసుకెళ్ళి "ఇదిగో, ఇదిరా" అని చూపించటం పాఠంలో భాగం కాదు. చెట్టుకి వీపు పెట్టి చెట్టు పేరు వల్లించటమన్నది మన విద్యలో పాతకాపే.

ఆ పేర్లు పుస్తకం లేకుండా తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు. క్యాంప్‌బెల్ లెక్కలోని 6,641లో ఆడపిల్లలెందరో తెలుసా? 60. మిగిలినవాళ్ళు అరుగు ఎక్కలేదు. వాళ్ళు దొడ్లో ఉన్నారు, చెరువుగట్టున ఉన్నారు, పొలంలో ఉన్నారు. వినాయకచవితికి ఇరవయ్యొక్క పత్రి కావాలంటే ఉత్తరేణి ఏ దిబ్బ మీద ఉంటుందో, వావిలి ఏ కాలవ పక్కనో, జమ్మి ఏ గుడి వెనకనో వాళ్ళకే తెలుసు. తెలంగాణాలో బతుకమ్మకి తంగేడు పువ్వు ఎప్పుడు విరగపూస్తుందో, గునుగు ఏ చేలో దొరుకుతుందో పదేళ్ళ పిల్ల చెప్పేది. అట్లతద్దికి ఏ కొమ్మ ఉయ్యాల మొయ్యగలదో చూసుకోవటం కూడా ఒక శాస్త్రమే. ఇదంతా చదువని ఎవరూ అనలేదు, అనకపోబట్టే దాని మీద బెత్తం కూడా పడలేదు. అన్నట్టు, ఈ రోజుల్లో బజార్లో పత్రి అని కట్ట కడితే అందులో ఇరవయ్యొక్కటీ ఉండవు సరికదా, దారిపక్కన దొరికిన రొట్ట అంతా ఉంటుంది. కొనే మనకీ తెలీదు, అమ్మే వాడికీ తెలీదు.

అరుగు ఎక్కనివాళ్ళు ఆడపిల్లలొక్కరే కారు. అరుగంటే ఊరి మధ్య ఒక ఇంటివాళ్ళది. ఎవరెక్కాలో, ఎవరు దూరంగా నిలబడాలో ఇంటివాళ్ళూ ఊరివాళ్ళూ ముందే తేల్చేశారు. బళ్ళారి లెక్కలో బ్రాహ్మల పిల్లలు 1,185 మందయితే శూద్రుల పిల్లలు 2,998 మంది. కాబట్టి చదువంతా ఒక్క అగ్రహారానిదే అనటం తప్పే. కానీ మాలపల్లె నుంచి, మాదిగవాడ నుంచి పిల్లాడొచ్చి ఆ అరుగు మీద చాప వేసుకోవటమన్నది లేదు. గోడలు లేని బడే కదా, దాటటం ఎంతసేపనుకుంటాం. గోడయితే తలుపన్నా ఉండేది, తట్టి చూసేవాడు.

1931 అక్టోబరులో గాంధీగారు లండన్లో మాట్లాడుతూ, ఇంగ్లీషువాళ్ళొచ్చి ఈ దేశపు చదువు అనే అందమైన చెట్టు వేళ్ళు తవ్వి చూసి, అలాగే వదిలేస్తే అది ఎండిపోయిందన్నారు. దాని మీద పెద్ద వాదమే నడిచింది. ధర్మపాల్ అనే ఆయన 1983లో ఈ పాత కలెక్టర్ల లెక్కలన్నీ వెతికి అచ్చు వేసి, ఆ మాటనే తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నారు. చెట్టు ఎండిన మాట నిజమే. క్యాంప్‌బెలే ఒప్పుకున్నాడు, సీమబట్ట వచ్చి సాలెవాళ్ళ మగ్గాలు పడిపోయాయనీ, పేదవాడు బడిజీతం ఇచ్చుకోలేక కాళ్ళూ చేతులూ వచ్చిన పిల్లాణ్ణి పనికి పంపుతున్నాడనీ. కలెక్టరు తన సర్కారుకి తనే ఇలా రాయటం మెచ్చుకోవలసిందే. కానీ ఆ చెట్టు నిండుగా ఉన్న రోజుల్లో దాని నీడ పడని ఇళ్ళు ఉన్నాయి కదా! వాళ్ళ పిల్లలకి బడి గుమ్మం తెరుచుకున్నది తరవాత్తరవాత, గోడలున్న బళ్ళతోనే. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు 1910 నుంచీ అటువంటి పిల్లల కోసం బళ్ళు పెట్టుకుంటూ వచ్చారు. వాళ్ళకి కావలసింది చెట్టునీడ కాదు. చెట్టు కింద వాళ్ళు తరతరాలుగా ఉన్నారు.

ఈ లోపల దొరల దేశాల్లో వాళ్ళ గోడలు వాళ్ళకే ఊపిరాడనివ్వలేదు. జర్మనీలో ఫ్రోబెల్ అనే పెద్దమనిషి 1837లో చంటిపిల్లల బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు, పిల్లలతోట అని. ఒక్కొక్క పిల్లాడికి ఒక్కొక్క మడి ఇచ్చి విత్తనాలు వేయించేవాడు. ప్రష్యా సర్కారుకి అందులో నాస్తికత్వం కనిపించి, 1851లో ఆ బళ్ళని నిషేధించింది! ఇప్పుడు మన పిల్లలు చదివే ఎల్‌కేజీ, యూకేజీల్లో చివరి 'జీ' ఆ తోటే. అపార్టుమెంటు మూడో అంతస్తులో నడిచే ఎల్‌కేజీలకి మిగిలిన తోట ఆ ఒక్క అక్షరమే.

1904లో బెర్లిన్ పక్కన షార్లొటెన్‌బుర్గ్‌లో దేవదారు అడవిలో మరో బడి లేచింది. క్షయ పట్టేలా ఉన్న బక్క పిల్లల్ని పొద్దుటినుంచి సాయంత్రం దాకా అడవిలోనే ఉంచి, తిండి పెట్టి, చదువు చెప్పేవారు. లండన్లోనూ 1907లో అలాంటిదే పెట్టారు. తరవాత క్షయకి మందొచ్చింది, అడవి బళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. జబ్బు పోగానే గాలి అక్కర్లేకపోయిందన్నమాట.

రవీంద్రనాథ్ ఠాగూరుది వేరే జబ్బు. కలకత్తాలో పెద్ద జమీందారీ ఇల్లు, ఇంటినిండా నౌకర్లు. చిన్నప్పుడు శ్యామ్ అనే నౌకరు ఆయన్ని ఒక గదిలో కూచోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గిరి గీసి, దాటావో ప్రమాదం అని బెదిరించి తన పని మీద పోయేవాడట. రామాయణంలో సీత గీత దాటి ఏమయిందో పిల్లాడికి తెలుసు. కదలకుండా కూచుని, కిటికీలోంచి చెరువునీ, మర్రిచెట్టునీ గంటల తరబడి చూసేవాడు. ఆయన తన జ్ఞాపకాల పుస్తకంలో ఇది రాసుకున్నారు. తరవాత ఏ బళ్ళో వేసినా నిలవలేదు. ఆ గిరే బెంచీలై, గోడలై కనిపించింది కాబోలు.

నలభయ్యో ఏట, 1901 డిసెంబరులో, శాంతినికేతనంలో ఆయన బడి పెట్టారు. పిల్లలు అయిదుగురు. అందులో ఒకడు కన్నకొడుకే. ఎవరి ఆసనం వాళ్ళు తెచ్చుకుని చెట్టు కింద వేసుకోవటం, వానొస్తే లేచి పరుగెత్తటం. ఇంతవరకూ అందరూ రాస్తారు. నేను ఇంకొకటి రాయాలి. ఆ బడికి డబ్బెక్కడిది? ఆయన భార్య మృణాళినీదేవి తన నగలు అమ్మి ఇచ్చింది. పిల్లలకి వంట కూడా చేసి పెట్టింది. బడి పుట్టిన పదకొండు నెలలకే, 1902 నవంబరులో, ముప్ఫయి ఏళ్ళయినా నిండకుండా చనిపోయింది. చెట్టు కింద చదువంటే ఖర్చులేని చదువనుకునేవాళ్ళకి ఈ సంగతి చెబుతూంటాను.

శాంతినికేతనంలో పేరున్న చెట్టు ఏడాకుల పొన్న. ఠాగూరుగారి తండ్రి మొదట ధ్యానానికి కూచున్నది ఆ చెట్ల కిందేనంటారు. స్నాతకోత్సవంలో ఆ ఆకుల్ని విద్యార్థుల చేతికివ్వటం ఆనవాయితీగా వచ్చింది. దాని శాస్త్రీయనామంలోనే 'స్కాలర్' ఉంది. దాని చెక్కతో పిల్లలకి పలకలు చేసేవారు కనక వృక్షశాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు మన పట్నాల్లో రోడ్ల పక్కన వరసగా నాటుతున్న చెట్టిదే. చలికాలం మొదట్లో రాత్రిపూట ఘాటువాసనకి తలనొప్పి వస్తోందని విసుక్కుంటాం. పలక చెట్టని మాత్రం ఎవరికీ తెలీదు.

తెలుగుదేశంలో ఈ ముచ్చట మదనపల్లె పక్కన సాగింది. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో పుట్టింది మదనపల్లెలోనే. మద్రాసులో చదివే రోజుల్లో పాఠం రాలేదని రోజూ దెబ్బలు తిన్న పిల్లాడాయన. పెద్దయ్యాక తన ఊరి దగ్గర్లోనే, కొండల మధ్య ఒక ఎండు లోయని బడి కోసం ఎంచుకున్నారు. అదే ఋషివ్యాలీ. దశాబ్దాల పాటు మొక్కలు నాటుతూ వచ్చారు. పక్షులు రావటం మొదలెట్టాయి, 1991లో ఆ చోటుని పక్షుల ఆశ్రయంగా ప్రకటించారు. సాయంత్రంపూట పిల్లలందరూ మాట్లాడకుండా కూచుని సూర్యాస్తమయం చూడటం అక్కడి అలవాటు. దానికి అస్తాచల్ అని పేరు. సరే, అది ఖర్చుతో కూడిన హాస్టలు బడి, అందరికీ అందేది కాదు. కానీ ఆ బడివాళ్ళే చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క గది, ఒక్క మాస్టారు ఉండే చిన్న బళ్ళు పెట్టి, పల్లె బతుకులోంచి తీసిన కార్డులతో చదువు చెప్పే పద్ధతి తయారుచేశారు. పెద్దవాడు చిన్నవాడికి చెప్పటం అందులోనూ ఉంది. కర్ణాటకలో 'నలి కలి' అనే పేరుతోనూ, తమిళనాడులో మరో పేరుతోనూ సర్కారు బళ్ళు దాన్ని తీసుకున్నాయి. మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్ళిన సరుకు మళ్ళీ మద్రాసు చేరిందని నేను నవ్వుకుంటాను.

ఇక సర్కారు బడి. చెట్టు కింద బడి అంటే శాంతినికేతనంలో సొగసు. మన పల్లెటూళ్ళో మాత్రం అది గది లేని బడి, వానాకాలమంతా సెలవు. 1987లో కేంద్ర ప్రభుత్వం 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' అని మొదలుపెట్టి, ప్రతి ప్రాథమిక పాఠశాలకీ ఏ ఋతువుకయినా పనికొచ్చే రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, వీలయితే అందులో ఒకరు ఆడమనిషి ఉండాలంది. 2009 విద్యాహక్కు చట్టం ఇంకాస్త ముందుకెళ్ళి, ఆడపిల్లలకి విడిగా మరుగుదొడ్డి, ప్రహరీగోడో కంచో, ఆటస్థలం కూడా ఉండాలని పట్టిక వేసింది. పన్నెండేళ్ళ పిల్లని బడికి పంపే తల్లిని అడగండి, ఆ పట్టికలో ముందు ఏది కావాలని. గోడే అంటుంది, అనటం న్యాయం. గోడ కట్టినంత తొందరగా ఆటస్థలం ఎవరూ ఏర్పాటు చెయ్యలేదన్నది మరో సంగతి.

ప్రకృతిని కూడా మరిచిపోలేదు లెండి. 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని బళ్ళల్లో తప్పనిసరి పాఠం చెయ్యాలని ఆదేశించింది. మంచి ఉద్దేశమే. మూడో తరగతి నుంచీ పరిసరాల విజ్ఞానమని పుస్తకం ఉంది, రంగు రంగుల బొమ్మలతో.

అదే 1991లో రంగారెడ్డి జిల్లాలో శాంతాసిన్హాగారూ, ఎం.వి. ఫౌండేషనువాళ్ళూ మరో పని మొదలెట్టారు. జీతానికుండి పశువులు కాసే పిల్లల్నీ, చేలల్లో కూలికిపోయే ఆడపిల్లల్నీ ఇళ్ళవాళ్ళని ఒప్పించి విడిపించి, కొన్నాళ్ళు శిబిరాల్లో ఉంచి, వయసుకి తగిన తరగతిలో చేర్పించటం. పిల్లాడి పని ఏదయినా సరే, చోటు మాత్రం బడి అన్నది వాళ్ళ పట్టు. 2003లో ఆవిడకి మెగసేసే బహుమానం వచ్చింది. ఆ పిల్లలకి ఆరుబయట కొత్త కాదు. ఏ పుట్టలో పాముందో, ఏ ఆకు తింటే మేక కడుపు ఉబ్బుతుందో, ఏ పిట్ట కూస్తే వాన దగ్గరపడిందో తెలుసు. ఎండా వానా కూలిగా కొలిచి నేర్పిన చదువది. అక్కణ్ణించి వాళ్ళని నాలుగు గోడల మధ్యకి తెచ్చినందుకు నేను వందసార్లు నమస్కరిస్తాను.

తెచ్చాక ఏమవుతుందో కూడా చూడాలి. పరిసరాల విజ్ఞానం పరీక్ష. మీకు తెలిసిన అయిదు పక్షుల పేర్లు రాయండి అని ప్రశ్న. నిన్నటిదాకా గొర్రెల వెంట తిరిగిన పిల్లాడు పెన్సిలు పట్టుకుని ఆలోచిస్తున్నాడు. జెముడుకాకి, పాలపిట్ట, ఉల్లంకిపిట్ట, కంజు, కముజు, లకుముకి, ఇంకా పేరు తెలీకపోయినా గూడు తెలిసినవి కొన్ని. పక్క బెంచీవాడు అప్పుడే రాసేశాడు: నెమలి, చిలుక, కాకి, పిచ్చుక, పావురం. పుస్తకంలో పదిహేడో పేజీలో ఉన్న వరసలోనే.